రెండు ఎర్రపోగుల మధ్య

ఎమ్మిగనూరు,
12 ఫిబ్రవరి 1978

షాహిదా,

‘నేను ఇక్కడ క్షేమం, నువ్వు అక్కడ క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టకపోతే మన తెలుగు పంతులు మార్కులు కోసేవాడు. నేను అంత క్షేమంగా లేను కాబట్టి ఆ వాక్యం దాటేస్తున్నాను. కోసుకోమను.

నీతో ఒక పని పడింది. ముందు పని చెప్పేస్తాను, లేకుంటే పాత కబుర్లలో పడి అది అడుక్కు పోతుంది. మీ పఠనమందిరంలో ‘ఊరిపలక’ సంపుటాలు ఉన్నాయి కదా. 1960 సంపుటం తీసి చూడు. ఎండాకాలం కాగితాల్లో నేను రాసింది ఒకటుంటుంది. దాన్ని తీసేయాలి. ఎవరికీ చెప్పకుండా, నీ చేత్తోనే, చప్పుడు లేకుండా.

ఈ ముక్క రాస్తుంటేనే ఆ గది కళ్లముందుకొచ్చింది. గుమ్మం పక్కన నల్లపలక. ఊళ్లో ఎవరికేం తోస్తే అది కాగితం మీద రాసుకొచ్చి గుండుసూదితో గుచ్చిపోయేవాళ్లు. ఎద్దు తప్పిపోయిందని ఒకరు, సినిమా బాగలేదని ఒకరు, మున్సిపాలిటీ కొళాయి మీద పద్యాలు కట్టి ఒకరు. నెల తిరగ్గానే మీ అబ్బా అన్నీ దించి కుట్టి, ఏడాది చివర ఒకే పుస్తకంగా అట్ట కట్టి, బీరువాలో పెట్టేవాడు. ఎవరొచ్చి అడిగినా చదువుకోవచ్చు. యూసుఫ్ సాబ్ కుట్టిన పుస్తకం నేలకేసి కొట్టినా విప్పుకోదని మా నాయన అనేవాడు. మనిద్దరం కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని, బొరుగుల ఉగ్గాని పొట్లం దాచుకుని తింటూ చదివేవాళ్లం. పత్తి మిల్లుల నుంచి ఎగిరొచ్చి జడలకు పట్టుకున్న దూది దువ్వెనతో కూడా వచ్చేది కాదు. ఆదోనిలో పుట్టిన ఆడపిల్లకు పదహారేళ్లకే తల నెరుస్తుందని నువ్వు నవ్వేదానివి.

ఎందుకు తీయాలంటావా? చిన్నతనం రాత. చదివితే సిగ్గేస్తుంది. అంతే అనుకో. మా ఎదురింటి పిల్ల ఈశ్వరమ్మ నా దగ్గరే చదువుకుంది. పది పాసైతే జూలైలో ఆదోని కాలేజీలో చేరుతుంది. బజ్జీ కట్టిన కాగితం కూడా విప్పి చదివే రకం. వచ్చిన వారానికే మీ బీరువా ముందు నిలబడుతుంది. ఆ లోపల అయిపోవాలి.

నీ
కృష్ణకుమారి


ఆదోని,
20 ఫిబ్రవరి 1978

ఏమ్మే కృష్ణీ,

నాలుగేళ్ల తర్వాత ఉత్తరం రాసి, అందులో నన్నో దొంగపని చేయమంటావా? బస్సెక్కితే గంట ప్రయాణం. అయినా ఉత్తరమే రాశావంటే, ఎదురుగా చెప్పలేని మాట ఏదో నీ కడుపులో ఉంది. సరే, నువ్వు చెప్పినప్పుడే వింటాను.

మొదట నా సంగతి విను. అబ్బా పోయి ఆరేళ్లయింది. పగలు ఇంట్లో పుస్తకాలు కుడతాను, సాయంత్రం పఠనమందిరంలో కూర్చుంటాను. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే పాళ్లు నాకు తప్ప ఈ ఊళ్లో ఎవరికీ తెలియవు. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనీ.

ఇక నీ కోరిక. ఇలా అడిగేదానివి నువ్వొక్కదానివే అనుకున్నావా? అబ్బా కాలం నుంచీ దీనికి కోరికల పుస్తకమని ఒకటుంది. ఎవరు ఏ కాగితం తీయమన్నారో, ఎందుకన్నారో, అందులో రాసుకుంటాం. పోయిన నెల బసన్న వచ్చాడు. 1963లో ‘ఈ దినం నుంచి బీడీ ముట్టను, ఊరే సాక్షి’ అని గుచ్చిన మనిషి. నోట్లో బీడీ పెట్టుకునే అడిగాడు, తీసేయమని. నరసన్నది ఇంకా గట్టి కథ. జిన్నింగు మిల్లులో పనిచేసే ఒకామె మీద పద్యాలు రాసి పెట్టాడు అప్పట్లో. ఇప్పుడు కొడుకు పెళ్లి. వియ్యంకుడు చదువుకున్నవాడట, చూస్తే పరువు పోతుందట. నా పద్ధతి ఒకటుంది. ఎవరి కాగితం వాళ్ల చేతికిచ్చి, ఒకసారి పైకి చదవమంటాను. సగం మంది చదివి నవ్వుకుని వెళ్లిపోతారు. నరసన్న మాత్రం చదువుతూ చదువుతూ కళ్లు తుడుచుకున్నాడు. ‘తీయొద్దులే అమ్మా, పక్కన ఒక మాట రాస్తా’ అన్నాడు. ‘ఈ పద్యాలు 1964తో సమాప్తం’ అని రాసి అతికించి పోయాడు.

ఎందుకంటే గోడ మీద అబ్బా రాసిన మూడు మాటలు ఇంకా అలాగే ఉన్నాయి: ‘గుచ్చిన కాగితం ఊరిది. చింపడం లేదు. జవాబు ఉంటే పక్కన అతికించవచ్చు.’ అందుకోసమే ఆయన కాగితాల మధ్య వేలెడు వెడల్పు పట్టీలు కలిపి కుట్టేవాడు. తర్వాత ఎవరైనా జవాబు తెస్తే ఆ పట్టీకి అతికిస్తాం, పుస్తకం ఉబ్బదు.

నీ కాగితం చదివాను. ఏం కోపమే నీది! ‘ఎమ్మిగనూరు దేవేంద్రప్ప అనే దొంగ మాకు జంట చీరలు నేసి, నా చీరకు రవికె గుడ్డ ఎగ్గొట్టినాడు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. ఆదోని స్త్రీలారా, ఈ మోసగాడి మూట విప్పించవద్దు!’ కింద నీ సంతకం, దాని కింద రెండు గీతలు. ఇది చూసి సిగ్గుపడతావా? నాకు ముచ్చటేసింది.

తీయను. కావాలంటే జవాబు రాసి పంపు, అతికిస్తాను.

నీ
షాహిదా


ఎమ్మిగనూరు,
27 ఫిబ్రవరి 1978

షాహిదా,

నీకు ముచ్చటేసింది. నాకు అన్నం దిగడం లేదు.

ఆ ఎదురింటి పిల్ల ఈశ్వరమ్మ అన్నానే, ఆమె దేవేంద్రప్ప కూతురు. ఆ దేవేంద్రప్పే. ఉద్యోగం వచ్చి ఈ వీధిలో ఇల్లు తీసుకునేదాకా నాకు ఆ సంగతి తెలియదు. తెలిశాక ఇల్లు మారదామనుకున్నాను. మారేలోపలే ఆయన భార్య హులిగెమ్మ నాకు నీళ్లు తోడిపెట్టింది. జ్వరమొస్తే జావ కాచి తెచ్చింది. ఎనిమిదేళ్లయింది. ఆ ఇంటి మగ్గం చప్పుడు ఆగితే నాకు మెలకువ వస్తుంది. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది నేనే. ‘టీచరమ్మా’ అని ఆమె పిలిస్తే నాకు ఎంత బలమో నీకు ఎట్లా చెప్పేది?

నేను ఆదోని బాలకృష్ణయ్య కూతురినని వాళ్లతో ఎప్పుడూ అనలేదు. ఆదోని పిల్లననే చెప్పాను. ఎవరి పిల్లనని వాళ్లూ అడగలేదు.

ఇప్పుడు ఆ పిల్ల బీరువా తెరిచి, తన తండ్రిని దొంగ అని రాసింది చూస్తుంది. కింద నా పేరు, రెండు గీతలు. నా అక్షరాలు ఆమెకు తెలియకపోతాయా? పలక మీద దిద్దినవి అవే కదా. గోడ మీద రాత ఊరికోసం రాసింది. నేను నీ స్నేహితురాలిని. ఒక్క కాగితం షాహిదా. ఎవరికి నష్టం?

కృష్ణ


ఆదోని,
6 మార్చి 1978

కృష్ణీ,

రెండు రోజులు నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని తిరిగాను. సరే. అబ్బా నన్ను క్షమించాలి. శుక్రవారం పఠనమందిరానికి సెలవు. తలుపు వేసుకుని, పదునైన బ్లేడుతో, మొదలుకంటా కోసి తీస్తాను. బసన్నకూ నరసన్నకూ ఇకమీదట నా ముఖం ఎట్లా చూపించాలో తెలియదు. అది నా తలనొప్పి.

ఎమ్మిగనూరులో మంచి తుండుగుడ్డలు దొరుకుతాయి కదా, నాలుగు పంపు. లంచం అనుకో.

షాహిదా


ఆదోని,
11 మార్చి 1978

కృష్ణకుమారి గారికి,

తీయలేదు. తీయను. తుండుగుడ్డలు పంపవద్దు. ఎందుకని అడగవద్దు.

షాహిదాబీ


ఎమ్మిగనూరు,
16 మార్చి 1978

షాహిదాబీ గారికి,

‘గారు’ అట! ఒకే పొట్లంలో ఉగ్గాని తిన్నదానివి, ఈ రోజు కార్డు మీద నాలుగు ముక్కలు పారేస్తావా? అది పోస్ట్‌మాను చదివి, ‘ఏమి టీచరమ్మా, ఏం తీయల్లంటివి?’ అని అడిగాడు. నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

తీయననుకుంటే మొదటే గట్టిగా ఉండాల్సింది. ఆశపెట్టి తోసేయడం ఎందుకు? ఏడ్చాను నేను, చెప్తున్నాను.

ఇంత దూరం వచ్చింది కాబట్టి దాచింది కూడా చెప్పేస్తాను. ఆ కాగితంలో రాసింది అబద్ధం షాహిదా. నాకు డిసెంబరులోనే తెలిసింది.

మా చిప్పగిరి అత్త పోయింది కదా. ఆమె పెట్టె నాకు పంపారు. అడుగున నేరేడుపండు రంగు చీర, పెట్టె మడత విప్పనే లేదు పాపం. అది నా చీరకు జత చీర. అప్పట్లో మా అవ్వ జంట చీరలు ఒకేసారి నేయించి, ఇంట్లోనే పసుపు రాసి, రెంటి మధ్య కత్తిరించింది. ఒకటి నాకు, ఒకటి అత్తకు. నా చీర విప్పితే కొంగు అయిన చోటే గుడ్డ అయిపోయింది. రవికె లేదు. నేను శివాలెత్తి కాగితం రాసింది అందుకే.

అత్త చీర విప్పి చూస్తే రవికె గుడ్డ రెండు కొసల్లోనూ ఉంది! కొంగు కొసన ఆమె రవికె. చీర మొదట్లో ఇంకో రవికె, దాని పక్కన ఎర్రపోగు. అది నాది. చీర అయినచోట ఒక ఎర్రపోగు, రవికె అయినచోట ఇంకో ఎర్రపోగు వేశాడు ఆయన. మా అవ్వ మొదటి పోగు దగ్గరే కత్తెర వేసింది. నా రవికె అత్త చీరతో పాటు చిప్పగిరి పోయింది. పద్దెనిమిదేళ్లు పెట్టెలో పడుకుంది.

ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు. ప్రతి గురువారం మూట వేసుకుని ఆదోనికి వచ్చేవాడు కదా, నా కాగితం తర్వాత మళ్లీ రాలేదు. ఒకసారి తెలియక అడిగాను, ‘మీరు ఆదోనికి పోరా?’ అని. ‘ఆడ నన్నెవురు అడుగుతారు టీచరమ్మా’ అన్నాడు. అన్నవాడు మామూలుగానే మగ్గం దగ్గరికి పోయాడు. ఆ మాటే ఇప్పుడు చెవుల్లో తిరుగుతోంది.

దొంగ అని రాసింది నేను. ఆ అబద్ధాన్ని కూడా ఊరి ఆస్తి అని దాచిపెడతావా? అదేం న్యాయం?

కృష్ణకుమారి


ఆదోని,
25 మార్చి 1978

కృష్ణీ,

నన్ను తిట్టు, పడతాను. నువ్వు దాచింది చెప్పావు, ఇప్పుడు నా వంతు. నాలుగు కాగితాలు రాసి చించాను. మా ఇంట్లో రాసిన కాగితం చించితే పాపం అంటారు. ఆ పాపం కూడా నీ ఖాతాలోనే వేసుకో.

ఆ శుక్రవారం తలుపు వేసుకుని బ్లేడు పట్టుకుని కూర్చున్నాను నిజమే. నీ కాగితం మొదలు కనిపించాలని పుస్తకం బాగా విప్పాను. నీ కాగితం పక్కన ఒక పట్టీ ఉంది. ఆ పట్టీకి ఒకప్పుడు ఏదో అతికించి ఉంది. దాన్ని పీకేశారు. జిగురు మరక, దాని మీద చిరిగిన కాగితపు అంచు, అంతే మిగిలింది.

బ్లేడు కింద పెట్టేశాను. మా పఠనమందిరంలో కాగితం పీకడమా? నాకు తెలిసి ఎప్పుడూ జరగలేదు. అప్పుడు కోరికల పుస్తకం తెచ్చి, మొదటి పేజీ చూశాను. అబ్బా రాసుకున్న ఒక వాక్యం అక్కడుంది. వందసార్లు చూశానేమో, ఎప్పుడూ అర్థం కాలేదు: ‘సెట్టిగారి మాట మీద ఒక కాగితం తీసినాను. ఇంక తీయను.’ తారీఖు 1960 జూన్. సెట్టిగారంటే మీ నాయనే, గది అప్పుడు ఆయనదే కదా.

ఇది చూసి నాకు భయం వేసింది. మా అబ్బా పేరు చెడుతుందని. అందుకే ఆ కార్డు. స్నేహితురాలి మీద ప్రేమ కన్నా తండ్రి పేరు మీద ప్రేమ ఎక్కువైంది ఆ రోజు. సిగ్గుగానే ఉంది రాయడానికి.

నీ చీర ఉత్తరం వచ్చాక కూర్చోలేకపోయాను. అబ్బా సంగతి నీకు తెలుసు కదా. రాసిన కాగితం కాళ్ల కింద పడనీయడు, కాల్చనీయడు. పనికిరాని కాగితాలన్నీ పొరలు పొరలుగా అతికించి, ఎండబెట్టి, పుస్తకాలకు అట్టలు చేసేవాడు. ఆ ఏడాది కాగితం ఆ ఏడాది అట్టలోనే ఉంటుందనిపించింది. 1960 సంపుటం అట్ట విప్పి, ఇంట్లో పెద్ద తట్టలో నీళ్లు పోసి నానబెట్టాను. ఒక్కొక్క పొరే ఊడి వచ్చింది. సినిమా నోటీసులు, స్కూలు లెక్కల కాగితాలు. ఏడో పొర అది. సిరా అయితే కరిగిపోయేది, పెన్సిల్ కాబట్టి బతికింది.

అక్షరాలు ఎవరివో చెప్పనా? మా అబ్బావే. దేవేంద్రప్ప చెప్తూ ఉంటే ఆయనే రాసిపెట్టాడు. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

‘ఆదోని బాలకృష్ణయ్య సెట్టిగారి పాపకు ఎమ్మిగనూరు మగ్గం దేవేంద్రప్ప సెప్పి రాయించినది. అమ్మా, నీ కాగితం సదివి వినిపించినారు. రవికె గుడ్డ నేను నేసినాను. ఎర్రపోగు రెండుసార్లు వస్తుంది, మొదటిది సీర అయినాక, రెండోది రవికె అయినాక. మీ ఇంట్లో మొదటి పోగు కాడనే కత్తెర పడినట్టుండాది. రెండో సీర ఎవురికి పోయిందో దాని మొదట సూడండి, నీ రవికె ఆడనే ఉంటుంది. ఇంట్లో ఎవురినీ తిట్టొద్దు, పెద్దోళ్ల కండ్లు. వచ్చే గురువారం నేను వస్తాను, నా సేత్తోనే కత్తిరించి ఇస్తాను. నీ కాగితం సింపొద్దమ్మా. దాని పక్కన ఇది ఉంటే సాలు.’

కృష్ణీ, గోడ మీద రాత మా అబ్బాది కాదు. ఆ మనిషిది. ఆయన మాటను పీకేసి, ఆయన మాటనే గోడ మీద రాసుకున్నాడు మా అబ్బా. బతికినన్నాళ్లూ దాని కిందే కూర్చున్నాడు.

షాహిదా


ఎమ్మిగనూరు,
2 ఏప్రిల్ 1978

షాహిదా,

మా నాయనకు తెలుసన్న మాట.

పొద్దుటి నుంచీ అదే అనుకుంటున్నాను. ఆ కాగితం చదివాడు. అత్త పెట్టె తెరిచి చూస్తే సరిపోయేది. చూడలేదు. కూతురు బజారులో ఒకరిని దొంగ అంది, అది తప్పని తేలితే కూతురికీ, కత్తెర వేసిన తన తల్లికీ తలవంపులని జవాబునే తీయించాడు. నన్ను కాపాడాడు. ఎంత మంచి నాయన! నాకోసం బొరుగులు కొనడానికి తేరుబజారు దాకా నడిచే మనిషి. ఆయన మీద కోపం వస్తుంటే ఏం చేయాలో తెలియడం లేదు. పోయినవాళ్లతో పోట్లాడేదెట్లా?

నేను నిన్ను అడిగింది కూడా అదే పని కదా. నేను అచ్చం నాయన పోలికే.

నా కోరిక వెనక్కి తీసుకున్నాను. పుస్తకంలో అలాగే రాసుకో. దేవేంద్రప్ప కాగితం ఎక్కడుండాలో అక్కడ అతికించు. తీయించినది ఎవరో, తీసింది ఎవరో నువ్వు రాయి. మా నాయన పేరు రాయి, మొహమాటపడొద్దు. మీ అబ్బా పేరు రాసేది నీ ఇష్టం.

నేను రేపు వాళ్లింటికి పోతున్నాను.

కృష్ణ


ఎమ్మిగనూరు,
9 ఏప్రిల్ 1978

షాహిదా,

పోయాను. చీర చంకలో పెట్టుకుని, నీ ఉత్తరం చేతిలో పట్టుకుని.

ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. హులిగెమ్మ కండెలు చుడుతోంది. ‘ఏం టీచరమ్మా, పొద్దున్నే వచ్చినావు’ అన్నాడు. నేను చీర విప్పి మగ్గం మీద పరిచాను. చేతితో తడిమాడు. ఎర్రపోగు దగ్గర వేలు ఆగింది.

‘ఇది చిప్పగిరికి పోయిందా?’ అన్నాడు.

అప్పుడు చెప్పాను, నేను ఎవరి కూతురినో. ‘తెలుసులేమ్మా’ అన్నాడు. ‘నువ్వొచ్చిన మొదటేడే మీ నాయన నిన్ను సూడను వచ్చినాడు. నన్ను ఈడ సూసి, తల దించుకొని పోయినాడు. అప్పుడే తెలిసింది.’

‘మరి ఎనిమిదేళ్లు నన్నెందుకు అడగలేదు?’ అన్నాను.

‘ఏమని అడిగేది? నా బిడ్డకు అచ్చరాలు నేర్పిస్తాండావు.’ పోగు తోసే నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ‘కడుపు మాత్రం కాలింది టీచరమ్మా, లేదని అబద్ధం సెప్పను. మూడేండ్లు ఆదోని బస్సును సూస్తే ముఖం తిప్పుకొంటి. ఆ పొద్దు సెట్టిగారు నా కాగితం పీకేసినారని విని, గురువారం పోవల్ల అనుకొన్నోన్ని నిలిచిపోతి.’

నీ ఉత్తరంలోంచి ఆయన మాటలు ఆయనకే చదివి వినిపించాను. వింటూ వింటూ, ‘సాయిబు బాగా రాసినాడు, ఒక్క మాట ఇడవలేదు’ అన్నాడు. తర్వాత, నా కాగితం తీసేయమని నేను మొదట అడిగిన సంగతి కూడా చెప్పేశాను. అక్కడే ఆయనకు కోపం వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు ఆయన కోపం. ‘మల్లా తీసేదేమిటికి? ఒకసారి తీసినారే, సాలదా?’ అన్నాడు. హులిగెమ్మ కండె కింద పెట్టేసింది.

తర్వాత ఒక మాట చెప్పాడు. ఎర్రపోగులు రెండూ ఒకే రంగు వేయడం తన పొరపాటట. ‘అప్పటినుంచి రవికె కాడ పచ్చపోగు ఏస్తాండాను. నన్ను సూసి వీధంతా ఏస్తాండారు.’ షాహిదా, ఈ ఊరొచ్చినప్పటి నుంచీ పచ్చపోగు చూసే నేను రవికెలు కత్తిరించుకుంటున్నాను. అది నావల్ల వచ్చిందని నాకేం తెలుసు?

‘పిల్లకు నువ్వే సెప్పు’ అన్నాడు. చెప్పాను. ఈశ్వరమ్మ వింది, లేచి లోపలికి పోయింది. ఆరు రోజులైంది, నాతో మాట్లాడలేదు. తలుపు సందులోంచి చూస్తే ముఖం తిప్పుకుంటుంది. తప్పదు. ఆమె తండ్రికి మూడేళ్లు పట్టింది కదా.

నా జవాబు దీంతో పంపుతున్నాను. నాలుగే వాక్యాలు. సంతకం కింద గీతలు గీయలేదు.

ఒక్క కోరిక, ఈసారి న్యాయమైనదే. అట్ట నానబెట్టావు కాబట్టి ఆ సంపుటం మళ్లీ కట్టాలి కదా. ఆ రవికె గుడ్డ నేను తొడుక్కోలేను. దాన్ని పుస్తకం వీపున, కుట్టు మీద వెయ్యి.

కృష్ణ


ఆదోని,
15 జూలై 1978

కృష్ణీ,

మూడు నెలలు రాయలేదని తిట్టుకునే ఉంటావు. గుడ్డ రాకుండా పుస్తకం ఎట్లా కట్టేది? ‘నేనే తెస్తాను’ అని దేవేంద్రప్ప చెప్పాడని నువ్వు రాశాక ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మొన్న వచ్చాడు. కూతురిని కాలేజీలో చేర్చి, ఇద్దరూ కలిసి వచ్చారు. భుజాన చిన్న మూట. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గది నలుమూలలా చూసి, ‘సాయిబు కూసునే కుర్చీ ఇదే గదా’ అన్నాడు. కుర్చీ ఆయన వైపు జరిపాను. కూర్చోలేదు, చేయి మాత్రం వేశాడు.

మూటలోంచి నీ అత్త చీర తీశాడు. కత్తెర కూడా ఆయనే తెచ్చుకున్నాడు. బెంచీ మీద చీర పరిచి, ఎర్రపోగు వెంబడి, ఒక్క దారం తప్పకుండా కోశాడు. రవికె గుడ్డ నా చేతికిచ్చి, ‘ఈ పొద్దు గురువారమే గదమ్మా?’ అని అడిగాడు.

అవునన్నాను.

‘వస్తానంటిని గదా’ అన్నాడు.

లోపలికి వెళ్లి, కొళాయి విప్పి, చప్పుడు వినపడకుండా ఏడ్చాను. నా పెళ్లప్పుడు కూడా అంత ఏడవలేదు.

వరసగా నాలుగు కాగితాలు ఉన్నాయి ఇప్పుడు. నీ కోపం, ఆయన జవాబు, నీ నాలుగు వాక్యాలు, ఆఖరున నాది. ‘ఈ జవాబును 1960లో బాలకృష్ణయ్య గారి మాట మీద తీసినవాడు నా తండ్రి యూసుఫ్. మళ్లీ అతికించింది ఆయన కూతురు.’ రాశాక అబ్బా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

ఈశ్వరమ్మ నాలుగూ చదివింది. నీ మొదటి కాగితం దగ్గర ముఖం ఎర్రబడింది. మూడోది రెండుసార్లు చదివింది. పోతూ పోతూ, ‘టీచరమ్మ సంతకం కింద గీతలు గీస్తుంది ఎప్పుడూ, ఈడ గీయలేదే’ అంది. ‘గీయలేదు’ అన్నాను. ‘శనివారం ఇంటికి పోతాండాను, అడుగుతా’ అంది. అంటే మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు, నువ్వు సిద్ధంగా ఉండు.

నిన్న సెలవు కదా, పుస్తకం కట్టేశాను. నేరేడు రంగు వీపుతో బీరువాలో అదొక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతోంది. బసన్న ఈ సాయంత్రం వచ్చి, ‘నాదానికీ అట్లాంటి గుడ్డ ఏస్తావా?’ అని అడిగాడు. బీడీ మానేస్తే వేస్తానన్నాను.

గుడ్డ వేలెడు మిగిలింది. ఎర్రపోగు ఉన్న అంచు అది. ఈ ఉత్తరం మడతలో పెట్టాను, చూసుకుని తీసుకో.

నీ
షాహిదా